ఊరి జాబితాలో పన్నెండో టిక్కు

ప్రశ్న: నమస్కారమండీ. మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్న ఊరు. ఉద్యోగం మీద బయట ఉంటున్నాను. పోయిన నెల ఇంటికి వెళ్లినప్పుడు నాన్నకు పీఎం కిసాన్ డబ్బులు ఈసారి ఎందుకు పడలేదో చూద్దామని వెబ్‌సైట్ తెరిచాను. అందులో మా ఊరి లబ్ధిదారుల జాబితా మొత్తం కనపడింది. ప్రింట్ తీసి కూర్చుని చదివాను. మా పెదనాన్న రిటైర్డ్ టీచరు, పింఛను వస్తుంది, ఆయన పేరుంది. ఎరువుల కొట్టాయన ఐటీ రిటర్న్ వేస్తాడు, ఆయన పేరుంది. పోయి రెండేళ్లయిన మనిషి పేరుంది. ఊరి మొహం చూడని వాళ్ల పేర్లున్నాయి. మా మూడెకరాలు ఎనిమిదేళ్లుగా కౌలుకు చేస్తున్న మనిషి పేరు మాత్రం లేదు. ఇలా అనుమానం వచ్చిన 11 పేర్లకు ఎర్ర టిక్కు పెట్టి ఊరి వాట్సాప్ గ్రూపులో పెడదామనుకుంటే నాన్న కోప్పడ్డారు. "ఒకళ్ల పేరు బజార్న పెట్టడానికి నువ్వెవరు" అన్నారు. అసలు ఎవరికి సాయం వస్తోందో ఊరంతా చూసేలా ప్రభుత్వం పెట్టడం కరెక్టేనా? పెట్టాక నేను అడగడం తప్పా? (మా ఇంట్లో నాన్నకూ అమ్మకూ ఇద్దరికీ వచ్చేది, అమ్మ పేరు మీద ఎకరానికి వేరే పాసుపుస్తకం ఉంది కాబట్టి అందులో ఇబ్బందేమీ లేదు. ఈసారి నాన్నది ఆగింది.) జాబితా ఫొటో కూడా పంపుతున్నాను.

సమాధానం: మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. ఎర్ర టిక్కులు లెక్కపెడితే సరిగ్గా 11 ఉన్నాయి. పన్నెండోది ఇంకొకటి పడాలి, పడలేదు. దాని దగ్గరికి వస్తాను. ముందు మీరు అడిగిన రెండింటికీ సూటిగా చెప్పేస్తాను. జాబితా బయట పెట్టడం సబబే. మీరు అడగడమూ తప్పు కాదు. కానీ ఆ ఫొటోను గ్రూపులో పెట్టకండి. మీ నాన్నగారు చెప్పిన కారణం నాకు నచ్చలేదు గానీ, సమయానికి మాత్రం బాగా ఆపారు.

ఈ జాబితాను ప్రభుత్వం దయతలచి వెబ్‌సైట్‌లో పెట్టిందని చాలామంది అనుకుంటారు. 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం 4(1)(బి) సెక్షన్ తీసి చూడండి. సబ్సిడీ పథకాలు ఎలా అమలవుతున్నాయి, ఎంత సొమ్ము కేటాయించారు, లబ్ధిదారుల వివరాలేమిటి అన్నది ప్రతి ప్రభుత్వ కార్యాలయం ఎవరూ అడగకముందే తనంతట తానే ప్రకటించాలని అందులో ఉంది. వరసలో అది పన్నెండో అంశం, మన టిక్కులాగే. పీఎం కిసాన్ మార్గదర్శకాల్లో కూడా లబ్ధిదారుల జాబితాను పంచాయతీలో ప్రదర్శించాలని రాశారు. కాబట్టి మీరు ఎవరి బీరువా తాళమూ తీయలేదు. గోడ మీద ఉండాల్సిన కాగితాన్ని ఫోన్‌లో చదివారు, అంతే.

ఎందుకింత పట్టుదల అంటే, ఈ డబ్బు లెక్క అంత పెద్దది. 2019 ఫిబ్రవరిలో మొదలైన ఈ పథకం కింద కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతల్లో వస్తాయి. చూడ్డానికి చిన్న మొత్తమే. కానీ 2025 ఆగస్టులో ఇచ్చిన 20వ విడత ఒక్కదానికే దాదాపు 9.7 కోట్ల మంది ఖాతాల్లో 20,500 కోట్ల రూపాయలు వేశారు. అన్ని కోట్ల మందిలో ఎవరు అర్హులో, ఎవరు కారో ఆఫీసులో కూర్చుని తేల్చడం అయ్యే పనేనా? ఏటా 5 శాతం మందిని నేరుగా వెళ్లి తనిఖీ చేయాలని మార్గదర్శకాల్లో ఉంది. అంటే వందలో మిగిలిన 95 మంది సంగతి ఆ ఏడాదికి కాగితం మీది మాటే. పక్క చేను మనిషికి తెలిసినంత ఏ ఆఫీసరుకూ తెలియదు. పేర్లు బయట పెట్టడమంటే ఆ పక్క చేను మనిషిని కూడా తనిఖీలో కూర్చోబెట్టడమే.

అలా అడిగినవాళ్లు ఉండబట్టే కొన్ని నిజాలు బయటికొచ్చాయి. 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్లు వెళ్లాయని, వాళ్లలో సగానికి పైగా ఆదాయపు పన్ను కట్టేవాళ్లేనని 2021 జనవరిలో తెలిసింది. అది తెలిసింది కూడా సమాచార హక్కు కింద ఎవరో ఒక దరఖాస్తు పెడితేనే. అంతకు ముందు ఏడాది తమిళనాడులో వ్యవసాయ శాఖ లాగిన్ పాస్‌వర్డులు బయటివాళ్ల చేతిలో పడి, లక్షల సంఖ్యలో అనర్హుల పేర్లు జాబితాకెక్కాయి. అక్కడి పోలీసు నేర పరిశోధన విభాగం సీబీసీఐడీ కేసులు పెట్టింది. అక్కడ ఊరి జాబితాను మీలాగా ప్రింట్ తీసి చదివేవాళ్లు ఊరికొకరు ఉంటే ఇంకొంచెం ముందే పట్టుబడి ఉండేది.

ఇక్కడ నేను కళ్లారా చూసినదొకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒక ఊళ్లో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ సభ జరిగింది. వేపచెట్టు కింద టార్పాలిన్ పరిచారు. మస్టర్లోంచి, అంటే కూలీల హాజరు పట్టీలోంచి, ఒక్కొక్క పేరూ, పనిచేసిన రోజులూ, ఇచ్చిన కూలీ పైకి చదువుతున్నారు. ఒక పెద్దావిడ పేరొచ్చింది, పన్నెండు రోజులు అన్నారు. ఆవిడ కొంగు దులుపుకుని లేచి నిలబడింది. "ఆ వారాల్లో మా అమ్మాయి పురుడుకు పోయినానయ్యా. నేను ఊళ్లోనే లేను. నా పేరు మీద పార పట్టిందెవరో చెప్పండి" అంది. చదువుతున్న కుర్రాడి నోట మాట రాలేదు. పక్కన కూర్చున్నాయన మాత్రం చెప్పుల వంక చూసుకున్నాడు.

అప్పటిదాకా నేను కూడా మీలాగే అనుకునేవాణ్ని, జాబితా చదివితే తప్పు చేసినవాడు దొరుకుతాడని. పేరు పైకి చదివితే ముందుగా మేలు జరిగేది ఆ పేరు గల మనిషికే అని ఆవిడ లేచాక తెలిసింది. తన పేరు మీద ఏం జరుగుతోందో ఆవిడకు అంతకుముందు తెలిసే దారే లేదు. మీరు టిక్కు పెట్టిన 11 మందిలో కూడా అలాంటివాళ్లు ఉండొచ్చు. ఆ పెద్దావిడ పేరు పక్కన ఎర్ర టిక్కు పెట్టి గ్రూపులో పెట్టి ఉంటే, పని చేయకుండా కూలీ తిన్న మనిషి అని ఊరు ఆవిడనే అనేది.

ఇక ప్రైవసీ సంగతి. మీ నాన్నగారి మాటలో ఉన్నది ఇదే, ఆయన ఆ పదం వాడలేదు గానీ. ఇది మన ఊళ్లోనే పుట్టిన గొడవ కాదు. అమెరికాలో పత్తి రైతుల సబ్సిడీ జాబితాలోని పేర్లు ఇవ్వాలని వాషింగ్టన్ పోస్ట్ పత్రిక కోర్టుకెళ్తే, ఇవ్వాల్సిందేనని 1996లో తీర్పొచ్చింది. ఆ తర్వాత ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ 1995 నుంచి ఎవరికెంత వెళ్లిందో పేర్లతో సహా ఇంటర్నెట్‌లో పెట్టేసింది. చూస్తే ఏముంది, బాస్కెట్‌బాల్ ఆటగాడు స్కాటీ పిప్పెన్, బ్యాంకరు డేవిడ్ రాక్‌ఫెల్లర్ వంటి పేర్లు. అదే వాషింగ్టన్ పోస్ట్ 2006లో తవ్వితే, 2000 సంవత్సరం నుంచి అసలు వ్యవసాయమే చేయనివాళ్లకు 130 కోట్ల డాలర్లు వెళ్లినట్టు తేలింది. బ్రిటన్‌లో 2005లో జాబితా బయటపెడితే అందులో రాణిగారి ఎస్టేటు కూడా ఉంది. పొలం ఎవరి పేరున ఉంటే డబ్బు వారికి, చెమట ఎవరిదైతే వారికి మట్టి. ఈ కథ సముద్రాలు దాటినా మారలేదు.

ఐరోపాలో మాత్రం ఒక మలుపు ఉంది, మీరు తప్పక తెలుసుకోవాల్సింది అదే. జర్మనీలోని హెస్సె రాష్ట్రంలో ఒక వ్యవసాయ సంస్థ, ఒక రైతు తమ పేర్లు, తమకొచ్చిన సబ్సిడీ మొత్తాలు ఇంటర్నెట్‌లో పెట్టడం మీద వేర్వేరుగా కేసులు వేశారు. 2010 నవంబరులో యూరోపియన్ యూనియన్ కోర్టు రెండిటినీ కలిపి తీర్పు చెప్పింది. ప్రజలకు లెక్క చెప్పాలన్నది న్యాయమే, కానీ ఎంత మొత్తం, ఎన్నాళ్లు, ఎన్నిసార్లు అనే తేడా లేకుండా వ్యక్తులందరి పేర్లూ గంపగుత్తగా పెట్టడం అవసరానికి మించినదని కొట్టేసింది. కంపెనీల విషయంలో ఆ అభ్యంతరం లేదంది. తర్వాత 2013లో నిబంధన మార్చి పేర్లను మళ్లీ తెచ్చారు. ఈసారి ఏడాదికి 1,250 యూరోల వరకు ఉండే చిన్న మొత్తాలు తీసుకునేవాళ్ల పేర్లు దాచి కోడ్ నంబరు మాత్రమే ఇచ్చారు.

నాకైతే ఆ తీర్పులో ఇంగితం కనిపిస్తుంది. పేరు ఎంత గట్టిగా చెప్పాలన్నది సొమ్ము ఎంతన్న దాన్ని బట్టి ఉండాలి. అయినా మన పీఎం కిసాన్ జాబితా మీద నాకు పేచీ లేదు. ఎందుకంటే అందులో ఉండేది పేరు, ఆడా మగా అన్న వివరం, అంతే. మొత్తం అందరికీ ఒకటే. కాబట్టి ఆ జాబితా చూసి తెలిసేదల్లా ఫలానా మనిషికి కొంత భూమి ఉందని. అది ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలంగాణలో రైతుబంధు లెక్క వేరుగా ఉండేది. 2018లో ఎకరాకు సీజనుకు 4,000తో మొదలుపెట్టారు, తర్వాత 5,000 చేశారు. అలాంటి చోట మొత్తం చెప్పడమంటే ఆస్తి చెప్పడమే. మరి అక్కడ దాచాలా? నేను దాచొద్దనే అంటాను. రెండెకరాలవాడికి వచ్చే సొమ్ము ఎవరికీ కడుపుమంట కాదు. యాభై ఎకరాలవాడికి ఎంత వెళ్లిందో తెలియకపోతే ఇక జాబితా ఎందుకు?

అసలు దాచాల్సినవి వేరే ఉన్నాయి. 2017లో ఒక పరిశోధన సంస్థ నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను పరిశీలిస్తే సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు, వాటితో పాటు బ్యాంకు వివరాలూ ఎవరైనా చూసేలా పడి ఉన్నాయి. ఆ నాలుగింటిలో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వే, ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఇంకొకటి చంద్రన్న బీమాది. పేరు చెప్పడం పారదర్శకత. ఖాతా నంబరు ఆరబెట్టడం దొంగను ఇంటికి పిలవడం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి, "ప్రైవసీ" అని చెప్పి పేర్లు దాచేయాలని చూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, జాగ్రత్త.

ఇప్పుడు మీ టిక్కుల దగ్గరికి. ఫొటోలో ప్రింటు అక్షరాల పక్కన మీరు పెన్నుతో రాసినవి కూడా కనపడుతున్నాయి. ఒకాయన పేరు పక్కన "టౌన్లో రెండు ఇళ్లు" అని, ఇంకొకరి పక్కన "అల్లుడు అమెరికా" అని. ఇవి ప్రభుత్వం పెట్టిన జాబితాలో లేవు, మీరు చేర్చినవి. పీఎం కిసాన్ నిబంధనల్లో రెండు ఇళ్లుంటే డబ్బు రాదని ఎక్కడా లేదు. అల్లుడి ఉద్యోగం అసలు లెక్కలోకే రాదు. గ్రూపులో పెట్టాక ఆ పెన్ను రాతే మిగులుతుంది, ప్రింటు ఎవరూ చదవరు.

ఒక్కొక్కటీ చూద్దాం. మీ పెదనాన్నగారిది స్పష్టంగా అనర్హతే. నాలుగో తరగతి ఉద్యోగులను మినహాయిస్తే, నెలకు 10,000 లేదా అంతకు మించి పింఛను తీసుకునేవాళ్లు ఈ పథకంలోకి రారు. టీచరుగా రిటైరైన మనిషికి అంతకన్నా తక్కువ వస్తుందని నేననుకోను.

ఎరువుల కొట్టాయన విషయంలో మీరు తొందరపడ్డారు. రిటర్న్ వేయడం వేరు, పన్ను కట్టడం వేరు. బ్యాంకు లోను కోసం రిటర్న్ వేసి, పైసా పన్ను కట్టని వ్యాపారులు ఊరికి పదిమంది ఉంటారు. నిబంధన చెప్పేది గత అసెస్‌మెంట్ సంవత్సరంలో పన్ను కట్టినవాళ్ల గురించి. ఆయన కట్టారో లేదో మీకూ తెలియదు, నాకూ తెలియదు. తెలిసే దారి ఆఫీసుకుంది.

పోయినాయన పేరు జాబితాలో ఉన్నంత మాత్రాన ఆయన ఖాతాలో డబ్బు పడుతోందని అనుకోవక్కర్లేదు. ఈ-కేవైసీ, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూడటం, తప్పనిసరి చేశాక అలాంటివి చాలావరకు ఆగిపోయాయి. ఒకవేళ పడుతుంటే అది తప్పే, కానీ ఆ ఇంటివాళ్లకు మీరు చెప్పాల్సిన మంచి మాట ఒకటుంది. మిగతా బదిలీలకు 2019 ఫిబ్రవరి 1 గడువు తేదీ ఉంది గానీ, వారసత్వంగా వచ్చిన భూమికి అది అడ్డు రాదు. మ్యుటేషన్, అంటే భూమి రికార్డుల్లో పేరు మార్పిడి, చేయించుకుని వారసులు సొంతంగా నమోదు చేసుకోవచ్చు. పోయిన మనిషి పేరు మీద తీసుకోవాల్సిన అవసరమే లేదని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు.

ఇక ఊరి మొహం చూడనివాళ్లు. మీకు కోపం తెప్పించింది వీళ్లే అని అర్థమవుతోంది, టిక్కులు కూడా కాగితం చిరిగేంత గట్టిగా పెట్టారు. కానీ పీఎం కిసాన్‌కు సాగు చేయాలన్న షరతు లేదు. వేరే అనర్హత ఏదీ లేకపోతే, సాగు భూమి పేరు మీద ఉంటే చాలు. ఊళ్లో లేనంత మాత్రాన వాళ్లు నిబంధన తప్పినట్టు కాదు. తప్పు ఉంటే నిబంధనలో ఉంది. దానికి వాట్సాప్‌లో మందు లేదు.

ఇప్పుడు పన్నెండోది. మీరు బ్రాకెట్లో పెట్టి దాటేసిన వాక్యం. పథకంలో కుటుంబమంటే భార్య, భర్త, మైనరు పిల్లలు. ఆ కుటుంబం మొత్తానికి కలిపి ఏడాదికి 6,000. అమ్మగారికి వేరే పాసుపుస్తకం ఉన్నా, భూమి వేరే ఊళ్లో ఉన్నా, ఇద్దరిలో ఒకరికే రావాలి. భార్యాభర్తలిద్దరూ తీసుకుంటున్నట్టు అనుమానం వచ్చిన కేసులను 2025లో కేంద్రం గుర్తించి, తనిఖీ అయ్యేదాకా విడతలు ఆపింది. మీరు అసలు వెబ్‌సైట్ తెరిచింది నాన్న డబ్బులు ఎందుకు పడలేదో చూడ్డానికి కదా? జవాబు బహుశా మీ బ్రాకెట్లోనే ఉంది. ఈ-కేవైసీ, బ్యాంకుకు ఆధార్ లింకు కూడా ఒకసారి చూసుకోండి, కానీ ముందు అనుమానించాల్సింది దీన్నే.

మిమ్మల్ని దెప్పడానికి ఇది చెప్పడం లేదు. మీ అమ్మానాన్నలు ఎవరినో మోసం చేశారని కూడా అనుకోవడం లేదు. నమోదు రోజుల్లో పాసుపుస్తకం పట్టుకెళ్తే రాసేసుకున్నారు, ఎవరూ కుటుంబమంటే ఏమిటో వివరించలేదు. అయితే మీ పెదనాన్నగారి కథా ఇలాగే ఉండొచ్చు కదా? మీ ఇంటి సంగతికి మీరు వెతుక్కున్న సర్దుబాటును ఆ పదకొండు మందిలో ఒక్కరికీ ఇవ్వలేదు. మీరు గ్రూపులో ఆ ఫొటో పెట్టి ఉంటే పావుగంటలో ఎవరో ఒకరు అదే జాబితాలో మీ అమ్మగారి పేరుకు గుండ్రంగా గీత గీసి తిరిగి పెట్టేవాళ్లు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఊరికే అనలేదు పెద్దలు. అప్పుడు చర్చంతా మీ ఇంటి మీదికి మళ్లేది, మిగిలిన పదకొండు మంది హాయిగా నిద్రపోయేవాళ్లు.

కాబట్టి ముందు ఇల్లు. అమ్మగారి పేరు మీదది వదులుకోండి. పీఎం కిసాన్ వెబ్‌సైట్‌లోనే స్వచ్ఛందంగా వదులుకునే ఏర్పాటు ఉంది, తీసుకున్న సొమ్ము ఆన్‌లైన్‌లో తిరిగి కట్టే ఏర్పాటూ ఉంది. 2025 నవంబరు నాటికి 21 విడతలు పడ్డాయి. మొదటి నుంచీ ఇద్దరికీ పడి ఉంటే ఒక ఖాతాలోకి 42,000 వచ్చినట్టు. ఒక్కసారిగా కట్టాలంటే బరువే. అయినా ఆఫీసు నుంచి నోటీసొచ్చాక కట్టడం కన్నా ముందే వెళ్లి లెక్క అడిగి కట్టడం మంచిది. ఎంత కట్టాలో రైతు సేవా కేంద్రంలో రాతపూర్వకంగా తీసుకోండి, కట్టిన రసీదు ఫైల్లో పెట్టండి. రాష్ట్రం ఇచ్చే అన్నదాత సుఖీభవ కూడా పీఎం కిసాన్‌తో కలిపి 20,000 లెక్కనే వస్తుంది కాబట్టి దాని సంగతి కూడా అప్పుడే అడిగేయండి.

తర్వాత పెదనాన్నగారు. గ్రూపులో కాదు, ఫోన్లో కూడా కాదు. ఇంటికెళ్లి, పెద్దమ్మ కాఫీ ఇచ్చాక, "పెదనాన్నా, మా ఇంట్లో అమ్మది ఇలా పొరపాటుగా వస్తుంటే వెనక్కి కడుతున్నాం, మీది కూడా ఒకసారి చూడండి, పింఛనున్నవాళ్లకు రాదట" అనండి. ముందు మీ ఇంటిది చెప్పాక ఆయనకు తల దించుకునే పని ఉండదు. ఆయన టీచరు, నిబంధన ప్రింటు చేతికిస్తే కళ్లద్దాలు పెట్టుకుని చదువుతారు. ఒకవేళ "అందరూ తీసుకోవడం లేదా" అంటారా, అప్పుడు మీరు చేయగలిగిందేమీ లేదు, ఆఫీసుకు వదిలేయండి. పెద్దల మీద అరవడానికి 6,000 చాలా చవక.

మిగిలినవాళ్ల గురించి ఊరి కోసం అడగాలనుకుంటే, మనుషులను కాకుండా ఆఫీసును అడగండి. మండల వ్యవసాయ అధికారి కార్యాలయంలో సమాచార అధికారికి ఒక దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, గ్రామ స్థాయిలో అయితే అదీ లేదు. పేర్లు రాయకుండా ఇలా అడగండి: మా గ్రామంలో పీఎం కిసాన్ లబ్ధిదారులు ఎందరు, గత రెండేళ్లలో ఎందరిని నేరుగా తనిఖీ చేశారు, ఏ తేదీల్లో, ఎందరిని అనర్హులుగా తేల్చారు, ఏ కారణాల మీద, ఎంత సొమ్ము వెనక్కి తీసుకున్నారు, జాబితాను పంచాయతీలో ఎప్పుడు ప్రదర్శించారు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు. ఎవరి ఆధార్, ఫోన్, ఖాతా నంబర్లూ అడగొద్దు, మీకు వాటితో పని లేదు.

ఒక కొత్త చిక్కు కూడా చెప్పాలి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని ద్వారా సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చారు, ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఇంతకుముందు ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని, లేదా అకారణంగా ఒకరి ప్రైవసీలోకి చొరబడే వ్యక్తిగత సమాచారాన్నే ఆపగలిగేవాళ్లు. ఇప్పుడు "వ్యక్తిగత సమాచారం" అన్న ఒక్క మాటతో ఆపే వీలుంది. ఇది నాకు మింగుడుపడని మార్పు. రేపు ఏ ఆఫీసరైనా లబ్ధిదారుడి పేరు కూడా వ్యక్తిగతమే అంటే? అందుకే దరఖాస్తులో మొదట చెప్పిన 4(1)(బి)లోని పన్నెండో అంశాన్ని నంబరుతో సహా రాయండి, అది చెక్కుచెదరలేదు. ప్రజా ప్రయోజనం ఎక్కువైతే మినహాయింపులున్నా సమాచారం ఇవ్వొచ్చన్న 8(2) కూడా ఉంది, దాన్నీ ఉటంకించండి. జవాబు వచ్చాక దాన్ని గ్రామసభలో పైకి చదవండి. అక్కడ ఆఫీసరు ఉంటాడు, సంతకాల పుస్తకం ఉంటుంది, ఎవరి పేరైనా వస్తే ఆ మనిషి లేచి మాట్లాడే వీలుంటుంది. వాట్సాప్ గ్రూపులో మీ జాబితా కిందే ఎవరో గుడ్ మార్నింగ్ పూలగుత్తి పెట్టేస్తారు.

చివరికి మిగిలింది జాబితాలో లేని పేరు. మీ ఉత్తరం రెండోసారి చదివితే నాకు అన్నిటికన్నా అది గుచ్చుకుంది, మీరు మాత్రం ఒక్క వాక్యంలో చెప్పి వెళ్లిపోయారు. ఉన్న పేర్లను తప్పు పట్టడం సులువు, జాబితా చేతిలోనే ఉంటుంది. లేని పేరు ఏ వెబ్‌సైట్‌లోనూ కనపడదు. పీఎం కిసాన్ కౌలుదారుకు రాదు, అది మీ చేతిలో లేదు. కానీ రాష్ట్రం ఇచ్చే సాయం, పంట నష్టపరిహారం, బ్యాంకు అప్పు అందుకోవాలంటే అతనికి కౌలు గుర్తింపు కార్డు ఉండాలి. 2011 నాటి చట్టంలో ఆ కార్డుకు భూయజమాని సంతకం అక్కర్లేదు. 2019లో తెచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టంలో సంతకం తప్పనిసరి చేశారు. ఎనిమిదేళ్లుగా మీ మూడెకరాలు దున్నుతున్న మనిషి దగ్గర ఆ కార్డు ఉందా? ఉంటే నా మాట వెనక్కి తీసుకుంటాను. లేకపోతే, అతని పేరు ఏ జాబితాలోనూ ఎందుకు లేదో మీ నాన్నగారికి తెలుసు.

సంతకం పెడితే భూమి పోతుందన్న భయం చాలామంది రైతులకు ఉంది, మీ నాన్నగారికీ ఉండొచ్చు. ఆ కార్డు గడువు 11 నెలలే. భూమి మీద కౌలుదారుకు ఎలాంటి హక్కూ రాదని చట్టంలోనే రాశారు. ఆ పేజీ ప్రింట్ తీసి ఆయన ముందు పెట్టండి. ఒకళ్ల పేరు బజార్న పెట్టడానికి నువ్వెవరని ఆయన అడిగారు కదా, ఒకళ్ల పేరు కాగితం మీదికి ఎక్కించడం మాత్రం ఆయన చేతిలోనే ఉంది. వీఆర్వో దగ్గర ఫారం దొరుకుతుంది. సీజను మొదలయ్యాక రద్దీగా ఉంటుంది, ఈలోపే వెళ్లి రమ్మనండి. కౌలుదారును కూడా బండి మీద ఎక్కించుకుని వెళ్తే ఒక్క పూటలో అయిపోతుంది.